వేసవి వాలైకి జిగ్, లైను, ఒక చూపుడు వేలు

నా ఉద్యోగం జలగలమ్మడంతో మొదలైంది. ఈ సంగతి మొదటిసారి ఫోన్‌లో చెప్పినప్పుడు రాజోలులో ఉన్న మా అక్క గొంతు తగ్గించి, "అమెరికా ఎల్లి జలగలమ్ముతున్నావా? ఎవరితోనూ అనకే," అంది. నేను అనలేదు. ఊరంతా తిరిగి మా అక్కే చెప్పింది.

ఇప్పుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేనే చెబుతున్నాను. ఉత్తర మిన్నెసోటాలో ఒక సరస్సు ఒడ్డున, గాలాలూ ఎరలూ అమ్మే కొట్లో పనికి చేరాను. తర్వాత అదే సరస్సు మీద జనాన్ని పడవలో తిప్పి చేపలు పట్టించే గైడునయ్యాను. కిందటి శరదృతువులో మానేశాను. అందరికీ మోకాళ్ల నొప్పులని చెప్పాను గానీ అసలు కారణం షుగరు. వేళ్ల కొనలు మొద్దుబారాయి. మా పనిలో చూపుడు వేలే ఉద్యోగి, మిగతా ఒళ్లంతా దాని వెంట వచ్చిన చుట్టాలు. చేప ముట్టుకున్న సంగతి ఆ వేలికి తెలియనప్పుడు నలుగురిని పడవలో ఎక్కించుకోవడం మర్యాద కాదనిపించింది. ఆ రోజు నుంచి చాలా నెలలు గాలపు రాడ్ ముట్టుకోలేదు. ఇంకెప్పుడైనా ముట్టుకుంటానో లేదో కూడా తెలియదనుకున్నాను.

నా పడవను ఇప్పుడు కీర్తన నడుపుతోంది. మిన్నెసోటా జంట నగరాల్లోని మా తెలుగు చర్చిలో చిన్నప్పటి నుంచీ నన్ను ఆంటీ అని పిలిచిన పిల్ల. సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది వదిలేసి, రెండు వేసవులు నా దగ్గర పని నేర్చుకుంది. వాళ్లమ్మ ఇప్పటికీ నాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది. "ఆంటీ, మీకు తెలిసింది రాయండి. నా తర్వాత వచ్చేవాళ్లకి కూడా యూజ్ అవుతుంది," అని కీర్తన అడిగింది. తెలుగు చదవడం తనకు నెమ్మది. ఫర్వాలేదు, వేసవిలో వాలై చేప కూడా నెమ్మదే.

ముందు చేప సంగతి

వాలైని చూస్తే నాకు మన పండుగప్పకు దూరపు చుట్టమేమో అనిపిస్తుంది. తెల్లటి మాంసం, ముల్లు తక్కువ, వెలుతురు పడితే పిల్లికళ్లలా మెరిసే కళ్లు. ఆ కళ్లకు మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది. అందుకే ఎండ ముదిరే కొద్దీ లోతుకు పోతుంది, లేదా నీటిమొక్కల అంచున నీడ చూసుకుంటుంది. గాలి లేచి నీళ్లు చిన్నగా అలలు కట్టినప్పుడు, మబ్బు పట్టినప్పుడు, పొద్దు వాలేటప్పుడు మళ్లీ పైకి వస్తుంది. ఎర్రటి ఎండలో అద్దంలాంటి నీళ్ల మీద పడవ వేసుకుని చేప పడలేదని గైడుని తిట్టేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. నవ్వి ఊరుకోండి.

వసంతంలో దాని ఆకలి వేరు. వేసవిలో సరస్సు నిండా చేపపిల్లలే, దానికి తిండికి లోటు లేదు. మీ ఎర దగ్గరకు తీరిగ్గా వస్తుంది, నోట్లోకి పీల్చుకుంటుంది, నచ్చకపోతే ఊసేసి పోతుంది. ఆ పీల్చడానికీ ఊసేయడానికీ మధ్య మీ వేలికి తెలియాలి. మా పని అంతా అక్కడే ఉంది. తెలియకపోతే పడవ ఎంత ఖరీదైనదైనా, నీళ్ల కింది చేపల్ని చూపించే యంత్రం తెర మీద ఎన్ని కనిపించినా, మీరు నీళ్ల మీద షికారు చేసి వచ్చినట్టే.

వాల్ట్ పెట్టిన పరీక్ష

మా ఆయన తూర్పు తీరంలోని ప్లెయిన్స్‌బరోలో పని చేస్తుండగా ఈ ఊరి ఆసుపత్రిలో కంప్యూటర్ల ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాం. గ్రీన్ కార్డు వచ్చేదాకా నేను పని చేసే వీల్లేదు. వచ్చాక, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది ఈ కొట్టొక్కటే. యజమాని వాల్ట్, అప్పటికే జుట్టంతా నెరిసిన మనిషి. పెద్దగా మాట్లాడడు. జలగలంటే భయమా అని అడిగాడు. మా ఊళ్లో గేదెల్ని కడిగిన చెయ్యి అని చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.

జలగలమ్మడంలో నాకు సాయం అక్కర్లేకపోయింది. కొన్నవాళ్లు అవి వేసి ఏం చేస్తారో తెలియాలని ఒకరోజు వాల్ట్ నన్ను పడవలో తీసుకెళ్లాడు. రాడ్ చేతికిచ్చి, లైను అనే గాలపు దారం మీద చూపుడు వేలు ఆనించమని, కళ్లు మూసుకోమన్నాడు. జిగ్ అడుగుకు దిగింది. జిగ్ అంటే మరేం కాదు, సీసపు తల అతికించిన కొక్కెం. కొంచెం ఎత్తి దించమన్నాడు.

"ఇప్పుడు కింద ఏముంది?"

"రాళ్లు. చిన్న రాళ్లు."

పడవ కొంచెం జరిపాడు. "ఇప్పుడు?"

"బురద. దిగిన చప్పుడే లేదు."

ఇంకోచోట గడ్డి అన్నాను, మరోచోట ఇసుక అన్నాను. కళ్లు తెరిచేసరికి వాల్ట్ నా వైపు వింతగా చూస్తున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

ఏం చెప్పను? అరిసెల పాకం రెండు వేళ్ల మధ్య పెట్టి తీగ సాగిందో లేదో చూసిన చెయ్యి ఇది. కాస్త ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. మా అమ్మ ఎప్పుడూ గరిటె వంక చూడలేదు, వేలినే నమ్మింది. వాల్ట్‌కి బెల్లం పాకం గురించి చెప్పాను. ఆయనకు సగం అర్థమైంది, అంతే చాలనుకున్నాడు. మరుసటి వారం నుంచి నన్ను వల పట్టుకోవడానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నా జీవితంలో దొరికిన మంచి చాలావరకు ఆ వారం నుంచి వచ్చిందే.

జిగ్ బరువు

వాల్ట్ నాకు నేర్పిన మొదటి సూత్రం ఇది: అడుగు తెలిసేంత బరువు చాలు, అంతకు మించి కడితే అది నీ భయం.

లోతు తక్కువై, గాలి లేకపోతే ఔన్సులో ఎనిమిదో వంతు జిగ్. లోతుకు పోయినా, గాలికి పడవ జారుతున్నా నాలుగో వంతు. గాలి లైనును వంచేస్తుంది, వంగిన లైను వేలికి అబద్ధాలు చెబుతుంది. అప్పుడు కొంచెం బరువు పెంచక తప్పదు. బరువైన జిగ్ అడుగు గట్టిగా తెలిసేలా చేస్తుంది, చేపను మాత్రం అనుమానంలో పడేస్తుంది. తీరిగ్గా పీల్చుకునే చేప నోట్లోకి సీసం ముద్ద వెళ్తే, అది మనకు తెలిసేలోపే ఊసేస్తుంది.

రంగుల గురించి నన్ను అడగనివాడు లేడు. నీళ్లు టీ రంగులో ఉంటే పసుపుపచ్చ, నారింజ. తేటగా ఉంటే కంటికి ఆనని రంగులు. ఇంతకు మించి తెలుసని చెప్పేవాడి మాట సగం నమ్మండి. కొట్టు గోడకు వేలాడే రంగుల్లో ఎక్కువభాగం అరల ముందు నిలబడ్డ మనుషుల కోసం. అవి అమ్మిన చేత్తోనే రాస్తున్నాను. ఎర మాత్రం వేసవిలో జలగ, లేదా వానపాము. జలగను అది పీల్చే కొస దగ్గర గుచ్చండి, నీళ్లలో చక్కగా ఈదుతుంది. మిగతా పని అదే చేస్తుంది.

లైను సంగతి

పాత రకం నైలాన్ లైను సాగుతుంది. కొత్తవాళ్లకు అది మంచిదే, తొందరపడి లాగినా చేప నోరు చిరగదు. కానీ సాగే లైనులో కబురు సగం దారిలోనే ఆగిపోతుంది. అల్లిక లైను సాగదు, సన్నగా ఉండి గట్టిగా ఉంటుంది, అడుగున జిగ్ రాయిని రాసుకున్నా వేలికి తెలుస్తుంది. వేసవి లోతుల్లో నేను అదే వాడతాను. చివర మాత్రం లీడరు, అంటే నీళ్లలో కనిపించని దారం ముక్క, బారెడుకు తగ్గకుండా కట్టాలి. లేకపోతే తేటనీళ్లలో చేప ముందు తాడును చూస్తుంది, తర్వాత ఎరను చూస్తుంది, తర్వాత మిమ్మల్ని వదిలేసి పోతుంది.

అల్లిక లైనును ఉత్త రీలుకు నేరుగా చుట్టకండి. నున్నటి రీలు మీద మొత్తం చుట్టలా జారి తిరుగుతుంది. మీరు తిప్పుతూనే ఉంటారు, చేప మాత్రం అక్కడే ఉంటుంది. ముందు కొంత నైలాన్ చుట్టి, దాని మీద ఇది చుట్టండి. ప్రతి చేప తర్వాతా లీడరును గోటి మీద లాగి చూసుకోండి, గరుకు తగిలితే తెంపి మళ్లీ కట్టండి. బద్ధకించిన ప్రతిసారీ పోయేది పెద్ద చేపే. చిన్నదెప్పుడూ తెంపుకుపోదు.

పాస్టరు గారి ప్రార్థన

ఒక జులైలో మా చర్చి పాస్టరు గారు తన తోడల్లుడు జాన్‌బాబుని వెంటపెట్టుకుని వచ్చారు. జాన్‌బాబుది కొల్లేరు పక్క ఊరు, ప్లెయిన్స్‌బరోలో మందుల కంపెనీలో ఉద్యోగం. చిన్నప్పుడు కప్పపిల్లను గుచ్చి కొరమీను పట్టినవాడు. తన సామాను తనే తెచ్చుకున్నాడు. సముద్రంలో వాడే లావుపాటి లైను, దానికి నేరుగా కట్టిన జిగ్ ఎంత ఉందంటే నీళ్లలో వేస్తే పడవకు లంగరు అక్కర్లేదు. లీడరు మాటే లేదు.

"జాన్‌బాబు గారూ, ఇది వాలైకి మరీ ఎక్కువండీ," అన్నాను.

"పెద్ద చేపకి పెద్ద సరంజామా ఉండాలమ్మా. తెగిపోతే ఏం చేత్తాం?"

బతిమాలి నా రాడ్ ఇచ్చాను. సన్నటి లైను, ఎనిమిదో వంతు జిగ్, మంచి జలగ. ఆయన వేలికి మొదటి స్పర్శ తగలగానే బోటు కదిలేలా లాగాడు. కొక్కెం ఖాళీగా వచ్చింది. మళ్లీ జలగ గుచ్చాను, మళ్లీ అదే వరస.

"కొంచెం ఆగండి, అది ఇంకా మింగలేదు."

"ఆగితే కొరమీను ఆగుద్దేంటమ్మా? కొట్టిందంటే లాగేయాల్సిందే. ఆలోచిస్తే పోద్ది."

"ఇది కొరమీను కాదండీ."

"చేప చేపే కదా," అన్నాడు. పాస్టరు గారు నవ్వుతున్నారు గానీ ఆయనకూ ఏమీ పడలేదు.

మధ్యాహ్నం పలావు డబ్బాలు తీశాం. పాస్టరు గారు ప్రార్థన చేసుకుందామన్నారు. జాన్‌బాబు రాడ్‌ను మోకాళ్ల మీద పెట్టుకుని, జిగ్‌ను అడుగునే వదిలేసి కళ్లు మూసుకున్నాడు. మా పాస్టరు గారి ప్రార్థన తెలిసినవాళ్లకు తెలుసు. పలావుకు స్తోత్రం చెప్పి, వండిన చేతులకు చెప్పి, సంఘంలో వీసా పొడిగింపులు ఆగిపోయిన బిడ్డలందర్నీ పేరుపేరునా తలుచుకుంటున్నారు. నేను మాత్రం సగం కన్ను తెరిచే ఉంచాను. గైడు అలవాటు, దేవుడు క్షమిస్తాడు.

జాన్‌బాబు లైను మెల్లగా పక్కకు జరుగుతోంది.

ప్రార్థన మధ్యలో కేక వేయడం మా చర్చి మనిషి వల్ల అయ్యే పని కాదు. జాన్‌బాబు కూడా ఒక కన్ను తెరిచాడు. నా వంక చూశాడు, లైను వంక చూశాడు, పాస్టరు గారి వంక చూశాడు. నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. వీసాల వాళ్లంతా అయ్యారు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు మొదలయ్యారు. లైను ఇంకొంచెం జరిగి ఆగింది. జాన్‌బాబు నుదుటి మీద చెమట పట్టింది.

చివరికి ఆమేన్ దాకా వచ్చారు. ముగ్గురం ఒకేసారి ఆమేన్ అన్నాం. జాన్‌బాబు రాడ్‌ను మెత్తగా పైకెత్తాడు, అంతసేపు అణుచుకున్న చేతులు లాగడం మరిచిపోయాయి. అది ఆ వేసవిలో నా పడవలో పడిన చేపలన్నిటిలోకీ పెద్దది. మరుసటి ఆదివారం ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పాడు. ప్రభువు ఇచ్చాడో, కదలకుండా కూర్చున్న జిగ్ ఇచ్చిందో నేను తీర్పు చెప్పను. అప్పటి నుంచి మా పడవలో రాడ్ ఎత్తాల్సిన క్షణానికి పేరు ఆమేన్. వాల్ట్ కూడా అనేవాడు, ఆయన చర్చికి వెళ్లేది క్రిస్మస్‌కే అయినా.

ఆ రోజు నేను ఇంకో విషయం గమనించాను. చేప ముట్టిన సంగతి నాకు తెలిసింది వేలితో కాదు, కంటితో. రాడ్ నా చేతిలోనే లేదు.

వాల్ట్ వేళ్లు

తర్వాతి వేసవిలో, గాలే లేని ఒక ఉదయం, లోతు తక్కువ ఉన్న చోట వాల్ట్ నాలుగో వంతు జిగ్ కట్టడం చూశాను. ఆయన నేర్పిన సూత్రం నాకు ఆయనకంటే బాగా గుర్తుంది. అయినా యజమానిని అడగలేక ఊరుకున్నాను. ఒకరోజు పడవలో ఉన్న మనిషి, "వాల్ట్, నీ లైను వెళ్లిపోతోంది," అని నవ్వాడు. వాల్ట్ చూసేసరికి చేప పోయింది. ఒడ్డుకు వచ్చాక ఇంజన్ బాగాలేదని చెప్పి ఆ వారమంతా ప్రయాణాలు రద్దు చేశాడు. ఇంజన్ శుభ్రంగా ఉంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పడవ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"చేతులకు తొడుగులు వేసినట్టుంది, మేరీ," అన్నాడు. "రెండేళ్లుగా పెరుగుతోంది. డాక్టరు షుగరంటాడు. జిగ్ అడుగు తగలడం కూడా తెలియట్లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే ఏమంటారు? చెవిటివాడి చేత పియానో సరిచేయిస్తారా? నీళ్ల మీదికి పోకపోతే ఈ ఇంట్లో నేనేం చేయాలో నాకు తెలియదు."

ఆయన భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. ఏడిస్తే ఆయనకు నచ్చదని షెడ్డు గోడ వైపు తిరిగాను. అప్పుడే జాన్‌బాబు మోకాళ్ల మీది రాడ్ గుర్తొచ్చింది.

మా కొట్లో నిమ్మపండు రంగు అల్లిక లైను రీళ్లు దుమ్ము పట్టి వేలాడుతుండేవి. అంత మెరిసే లైను చేపకు కనబడుతుందని ఎవరూ కొనేవాళ్లు కాదు. మర్నాడు ఒకటి తీసి, కింద నైలాన్ వేసి, ఆయన రీలుకు చుట్టాను. చివర పొడవాటి లీడరు కట్టాను, అది చేప కోసం. పసుపు వాల్ట్ కోసం.

"మా తాత చూస్తే సరస్సులో దూకేవాడు," అన్నాడు.

"మీ తాత వేళ్లు బాగుండేవి," అన్నాను.

ఎనిమిదో వంతు జిగ్ కట్టించాను. పడవలో మేమిద్దరమే. ఆయన వేలు పక్కన పెట్టి, లైను నీళ్లలోకి దిగే చోటనే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పసుపు గీత ఒక్కసారి చిన్నగా అదిరింది, ఎవరో కింద నుంచి మీటినట్టు. వాల్ట్ తనే ఆమేన్ అని ఎత్తాడు.

థాంక్స్ చెప్పే మనిషి కాదు. తిరిగొచ్చేటప్పుడు లేచి నా సీట్లో కూర్చుని, "ఇవాళ నువ్వు నడుపు," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇంకా కొన్ని వేసవులు నీళ్ల మీదే ఉన్నాడు. పోయేముందు పడవ నాకిచ్చాడు. ఇన్నేళ్లు ఇష్టమైన పని చేసుకుని బతికానంటే ఆయన వల్లే. ఇది ఆయన బతికుండగా ఆయనకు చెప్పాను కూడా. సిగ్గుపడి ఇంజన్ చూడ్డానికి వెళ్లిపోయాడు.

నా రాడ్

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. వాల్ట్‌కి అన్నీ చెప్పిన దాన్ని, కిందటి శరదృతువులో గాలి లేని నీళ్లలో నేనూ నాలుగో వంతు జిగ్ కట్టాను. మందు ఎక్కడుందో నాకు తెలుసు. అయినా పసుపు లైను చుట్టుకుంటే నా వేలు పోయిందని నలుగురికీ బోర్డు కట్టి చెప్పినట్టని ఊరుకున్నాను. అందుకే మోకాళ్లన్నాను. మా ఆయన, "నీ మోకాళ్లకేం, మెట్లు గబగబా ఎక్కుతున్నావు," అన్నారు. వినబడనట్టు నటించాను.

ఈ జూన్‌లో కీర్తన ఫోన్ చేసింది. "ఆంటీ, రేపు నాకు ట్రిప్ లేదు. మీరు రండి. జస్ట్ కూర్చోండి."

మబ్బు పట్టి ఉంది, నీళ్ల మీద చిన్న అలలు. వాలైకి మంచి పూట. పడవలో నా పాత చోటు పక్కన నా రాడ్ ఆనించి ఉంది. దాని రీలు నిండా నిమ్మపండు రంగు లైను, చివర పొడవాటి లీడరు, ఎనిమిదో వంతు జిగ్.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. లాస్ట్ ఫాల్‌లో మీరు క్వార్టర్ ఔన్స్ కట్టారు. గాలి లేదు. నేను చూసాను." జలగల డబ్బా దగ్గరకు లాక్కుని, "ఎక్స్‌ట్రా వెయిట్ అంటే భయం అని మీరే చెప్పారు కదా. వాల్ట్ తాత స్టోరీ కూడా," అంది.

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరు మోకాలు అన్నారు. నేను ఏం అడుగుతాను?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి గోడ లేదు, సరస్సు వైపు తిరిగాను. కీర్తన ఏమీ ఎరగనట్టు డబ్బా మూత తీసి జలగ గుచ్చి ఇచ్చింది, పీల్చే కొస దగ్గరే.

జిగ్ దిగింది. అడుగు తగిలిందో లేదో వేలు చెప్పలేదు. లైను ఒక్కసారి వదులైంది, అంటే తగిలిందన్నమాట. కొంచెం ఎత్తి, దించి, వదిలేశాను. పసుపు గీత నీళ్లను తాకే చోటు తప్ప ఇంకేదీ చూడలేదు. గీత మెల్లగా పక్కకు జరిగింది. అల వల్లేమో అనుకున్నాను. మళ్లీ జరిగింది. కీర్తన కూడా చూసిందని నాకు తెలుసు, ఊపిరి బిగబట్టింది. అయినా నోరు మెదపలేదు.

"ఆమేన్," అని ఎత్తాను.

వేలికి తెలియలేదు. మణికట్టుకు తెలిసింది, మోచేతికి తెలిసింది, బరువుగా, కదులుతూ. కీర్తన లేచి వల అందుకుంది.